దిండు కొండెక్కింది

ఆ వేసవిలో మా ఇంట్లో కుదురుగా ఉన్నది ఒక్క మా ఆయన మంచుబండే. మిగతా అందరం కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతూనే ఉన్నాం. బండి మాత్రం ముందు తగిలించిన పెద్ద ఇనుపరేకుతో సహా షెడ్డులో నిలబడిపోయింది. చలికాలమంతా కలిపి దానికి పట్టుమని పది రోజుల పని దొరకలేదు. రోడ్డు మీద మంచు పడితేగా తోయడానికి! పడ్డ కాస్తా వసంతం రాకముందే నీళ్ళయిపోయింది. మా ఆయన పనిలేక దానికి మళ్ళీ పసుపురంగు వేస్తూ, "నా ఉద్యోగం కొండెక్కింది" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవారు.

చెట్లు ఎక్కడ ఆగిపోతాయో అక్కణ్ణించి ఇంకా పైకి వస్తే మా ఇల్లు. రోడ్డు మా గుమ్మం దగ్గర అయిపోతుంది, ఆ తర్వాత కొండే. కింది గదిలో వంటా, భోజనాలూ, మొక్కలు ఆరబెట్టే అట్టలూ. మేడ మీద పడకలూ, కిటికీ పక్కన కంప్యూటరూ, వాకీటాకీ. ఇల్లు మాది కాదు, ఆఫీసువాళ్ళది. మా అత్తయ్య ఆ ఆఫీసు తరఫున కొండ మీద మొక్కలు చూసే మనిషి.

చూడటం అంటే ఊరికే చూడటం కాదు. నేలలో నాలుగు మూలలా ఇత్తడి మేకులు కొట్టి, చుట్టూ తాడు కడితే అది ఒక గడి. అలాంటి గడులు ఇంటి వెనకనించి శిఖరం దాకా ఉన్నాయి. ప్రతి వేసవిలోనూ అవే గడుల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఏ మొక్క ఎంత మేర పరుచుకుందో చూసి రాయాలి. "మొగుడి కంటే ముందు ఈ మేకులు కొట్టాను" అనేది అత్తయ్య, గోడ మీది మామయ్య ఫొటోకి కూడా వినపడేలా.

అన్నిటికంటే ఎత్తున ఉన్నదాన్ని పైగడి అనేవాళ్ళం. అందులో ఒక మొక్కదే రాజ్యం. దాని అసలు పేరు పలకబోతే నాలుక మడతపడుతుంది, అందుకని ఇంట్లో దాని పేరు దిండు. రాళ్ళ మధ్య గుండ్రంగా, గట్టిగా, పచ్చగా నేలని కరుచుకుని ఉంటుంది. వేసవిలో దాని ఒళ్ళంతా గులాబీరంగు పూలు. అరచేతి వెడల్పు పెరగడానికి ఒక మనిషి బాల్యమంతా పడుతుంది. చలికాలంలో దానికి మంచే దుప్పటి. పూల కాలంలో అత్తయ్య పైగడి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా వేలి చివరతో దాన్ని ఒకసారి తట్టేది. మా ఆయన్ని అలా తట్టగా నేనెప్పుడూ చూడలేదు.

ఆవిడ నోట చెడ్డమాట రాదు. తిట్ల సంగతి కాదు నేను చెప్పేది, తిట్లు ధారాళంగా వచ్చేవి. మా ఇంట్లో ఉప్పు అయిపోదు, నిండుకుంటుంది. ఎవరూ వెళ్ళరు, వెళ్ళొస్తారు. కొత్తగా కాపరానికి వచ్చిన రోజుల్లో నేను "నూనె లేదు" అంటే, ఆవిడ గరిట కింద పెట్టి నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ వేసవికే ఇంటికి చిన్నకోడలు వచ్చింది. మా మరిది కింద పట్నంలో బస్సులు బాగుచేస్తాడు, సెలవు దొరికితే పైకి వస్తాడు. ఈ పిల్లకి కంప్యూటర్ పని బాగా వచ్చని ఆఫీసువాళ్ళు ఆ సీజనుకి మా దగ్గరే పెట్టారు. అపార్ట్‌మెంట్లలో, స్విచ్చుల మధ్య పుట్టి పెరిగిన పిల్ల. మాటకి ముందోసారి "అత్తయ్యా", వెనకోసారి "అత్తయ్యా". నాకు మొదట్లో ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళుగా తాడు పట్టుకుని కొండెక్కేది నేనైతే, మెచ్చుకోళ్ళు కుర్చీలో కూర్చున్నవాళ్ళకా అని.

ఆ కుర్చీ పని కొత్తది. అంతకుముందు అత్తయ్యే గడి దగ్గర కూర్చుని తన చేత్తో రాసుకునేది. ఆ ఏడు ఆఫీసువాళ్ళు పద్ధతి మార్చారు. పైనించి అత్తయ్య వాకీటాకీలో మొక్క పేరూ, అది ఎంత ఉందో చెప్పాలి. కింద చిన్నకోడలు కంప్యూటర్లో నొక్కాలి. నిండుగా, సగం, కొద్దిగా, లేదు. వీటి కింద ఇంకో బొత్తాం, పైకి జరిగింది. ఆ చివరిదంటే ఆఫీసుకి మహా ముచ్చట. వేడి పెరిగేకొద్దీ చల్లటి చోటు వెతుక్కుంటూ మొక్కలు కొండపైకి జరుగుతున్నాయి కదా, ఏది ఎంత జరిగిందో వాళ్ళకి కావాలి.

గడులు చూడటానికి బయల్దేరిన రోజు ఎండ చురుక్కుమంటోంది. కింది గడుల్లో ఒకప్పుడు నేలకి అంటుకుని పాకే తుప్పలు నా మోకాలి దాకా లేచాయి. తాడు కట్టడానికి మేకులు వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఎర్రగడ్డి, నిండుగా. పాకుడు తుప్ప, సగం" అని అత్తయ్య కేకేసేది.

"సగం, ఓకే అత్తయ్యా" అని వాకీటాకీ పెట్టెలోంచి చిన్నకోడలి గొంతు.

"అదేమన్నా చెవిటిపెట్టా అత్తయ్యా, మెల్లగా మాట్లాడినా వినపడుతుంది" అన్నాను.

"ఇంత దూరం వెళ్ళాలిగా మాట" అంది ఆవిడ, ఇంకా గట్టిగా.

అలా ఎక్కుతూ ఎక్కుతూ పైగడి చేరేసరికి గాలి మొదలైంది. నేను తాడు బిగించి వెనక్కి తిరిగాను. అత్తయ్య అప్పటికే మోకాళ్ళ మీద ఉంది. దిండు పచ్చగా లేదు. పాతబడిన కొబ్బరిపీచులా బూడిదరంగులో ఉంది, వేలు పెడితే పొడిపొడిగా రాలుతోంది. దాని నడుమలోంచి గడ్డి నిటారుగా లేచి ఊగుతోంది. గాలికి ఎక్కడా నిలవలేని గింజలు దిండులో తలదాచుకుంటాయి, అది వాటికి వెచ్చగా చోటిస్తుంది. చలికి వణుకుతున్నాడని లోపలికి పిలిస్తే చుట్టం ఇల్లు రాయించుకున్నట్టయింది. పైగా రెండేళ్ళుగా మంచు తొందరగా కరిగిపోవడం, ఆ వెనకే రాత్రులు గడ్డకట్టే చలి రావడం. దుప్పటి లాగేసి పసిపిల్లని బయట పడుకోబెడితే ఏమవుతుందో అదే అయింది.

అత్తయ్య అంచుల చుట్టూ వేళ్ళతో తడిమింది. ఒక్క ఆకు పచ్చగా ఉంటే చాలు, కొద్దిగా అనొచ్చు. నాకూ అదే ఆశ. ఆవిడ తడిమినచోటే మళ్ళీ నేనూ తడిమాను.

"అత్తయ్యా, దిండు చెప్పండి. ఇక్కడ ఖాళీగా ఉంది" అంది పెట్టెలోంచి చిన్నకోడలు.

ఇన్నేళ్ళుగా ఏది పోయినా ఆవిడ చేత్తో చిన్న గీత గీసి ఊరుకునేది. రాయడం వేరు, నోటితో అనడం వేరు. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని చాలాసేపు ఊరికే ఊపిరి వదిలింది.

"దిండు కొండెక్కింది" అంది.

"ఏంటత్తయ్యా? గాలి."

"కొండెక్కిందమ్మా."

"అవునా! సూపర్ అత్తయ్యా!"

ఆ సూపర్ ఏమిటో నాకు అంతుపట్టలేదు. గాలిలో ఇంకేదో వినపడిందనుకున్నాను. ఆవిడన్నది మాత్రం నాకు తిన్నగా తగిలింది. దీపం ఆరిపోతే మా అత్తయ్య ఆరిపోయింది అనదు, కొండెక్కింది అంటుంది. దిగేటప్పుడు తాడు చుట్ట భుజాన వేసుకుని నేను ముందు నడిచాను. నాకు ఏడుపొచ్చింది, మొక్క కోసం ఏడవడమేంటని దిగమింగుకున్నాను.

తర్వాతి వారంలో ఒక పొద్దున చిన్నకోడలు మేడమెట్లు దబదబా దిగివచ్చింది. అత్తయ్య కింద గదిలో మొక్కల్ని అట్టల మధ్య సర్దుతోంది. నేను పప్పు ఏరుతున్నాను.

"అక్కా, విత్తనాల సార్ ఫోన్ చేశారు! అత్తయ్య దిండు పైకి జరిగిందని తెలిసి ఎంత సంతోషపడ్డారో. ఈసారి గింజలు మన కొండ మీదే తీసుకుంటారట. ఎదురుగట్టుకి వెళ్ళక్కర్లేదట."

విత్తనాల సార్ అంటే మొక్కల గింజలు తీసుకెళ్ళి చల్లటి గదుల్లో దాచే ఆఫీసర్. కొండ మీద ఏదైనా పూర్తిగా పోతే మళ్ళీ మొలిపించడానికి అవే ఆధారం. దిండు గింజలు వాళ్ళ దగ్గర లేవు. లోయకి అవతల, ఉత్తరం వైపు నీడలో ఉండే ఎదురుగట్టు మీద కొన్ని దిండ్లు ఇంకా మిగిలాయి, ఆ ఏడు ఆయన అక్కడికే వెళ్ళాల్సింది. దారిలో కొండచరియ విరిగి రాళ్ళు పడి ఉన్నాయి. ఆ బాధ తప్పినందుకు కూడా ఆయనకి సంతోషమే అయి ఉంటుంది. ఆ ఎండలకి పూలు ముందే పూసి ముందే రాలాయి, కాయలు కూడా ముందే పగులుతాయి. పగిలాయంటే గింజలు గాలిపాలు.

నా చేతిలో పప్పు చేతిలోనే ఉంది. అత్తయ్య వంక చూశాను. అట్ట మీద అట్ట పెడుతున్న ఆవిడ చెయ్యి ఆగింది. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని చూస్తున్నాను.

"ఎప్పుడొస్తారట?" అంది, అంతే.

ఆ మర్నాటినించి ఆవిడ రోజూ కొండెక్కడం మొదలుపెట్టింది. గడులు చూడటం అయిపోయింది, ఇంకేం పనో ఎవరికీ చెప్పదు. పొద్దున కాఫీ సగం తాగి కప్పు కిటికీలో వదిలేసి బయల్దేరేది. మోకాలు నొప్పి అంటూనే బయల్దేరేది. చిన్నకోడలు ఆవిడ బూట్లు తుడిచి గుమ్మంలో పెట్టేది, "అత్తయ్యకి ఎంత హుషారొచ్చిందో చూడక్కా" అని మురిసిపోతూ. నేను కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. ఇవతల మా ఆయన బండి రేకుకి నూనె పట్టిస్తున్నారు. ఇంట్లో అందరం ఏదో ఒకటి తోముతూనే ఉన్నాం.

నాకు మనసు నిలవలేదు. ఒకరోజు ఆవిడ వెనకే వెళ్ళాను. పైగడి దాటిపోయి, శిఖరం రాళ్ళ మధ్య, చేతుల మీదా మోకాళ్ళ మీదా ఉంది. ఒక్కో పగుల్లో వేలు దూర్చి చూస్తోంది.

"ఏం వెతుకుతున్నారు అత్తయ్యా?"

"రాసిందిగా అమ్మాయి."

"అమ్మాయి తప్పు రాసింది. మీరన్నది ఒకటి, తనకి అర్థమైంది ఒకటి. ఆ సంగతి మీకూ తెలుసు."

"ఏమో. ఒక్క గింజ ఎగిరొచ్చి ఏ పగుల్లోనో పడి ఉండకూడదా? కింద మొక్కలన్నీ జరగట్లా? ఇది మాత్రం ఎందుకు జరక్కూడదు?"

ఆ ముఖం చూస్తే నాకు భయమేసింది. మా అత్తయ్య ఎవరినీ బతిమాలే మనిషి కాదు. ఆ రోజు రాళ్ళని బతిమాలుతోంది.

"జరగడానికి ఇంకా కొండేదీ?" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. మా తలల పైన ఒక బండరాయి, దాని మీద మబ్బులు.

"నోరు ముయ్యవే" అంది, కోపం లేకుండానే.

"అవతల ఎదురుగట్టు మీద కాయలు పగిలిపోతాయి. ఆయన ఇక్కడికొచ్చి ఏం కోసుకెళ్తాడు, గడ్డా?"

"నాకు తెలీదా?"

"అయితే మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"చెప్పు. నీకు నోరుందిగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. విసవిసా దిగివచ్చాను. చిన్నకోడలు మేడ మీద కిటికీలోంచి చెయ్యూపింది. మెట్లెక్కి చెప్పెయ్యడానికి ఎంతసేపు? సగం మెట్ల మీదే ఆగిపోయాను. చెబితే ఆ పిల్ల ఒక బొత్తాం మారుస్తుంది, అంతే, పని అయిపోతుంది. మరి అత్తయ్య? ఆ రాళ్ళ మధ్యే ఉండిపోతుంది. ఆవిడ నోటితో ఆవిడ అంటే తప్ప ఆవిడ కిందికి దిగదని నాకు అనిపించింది. విత్తనాల సార్ వచ్చేదాకా చూస్తాను, అప్పటికీ అనకపోతే ఆయన ముందే అనేస్తాను అని ఒట్టు పెట్టుకున్నాను.

ఆయన ఒక సాయంత్రం వచ్చాడు. పొడుగ్గా, నవ్వుముఖంతో ఉన్నాడు. సంచీల కట్ట తెచ్చుకున్నాడు, రేపు పొద్దున్నే శిఖరం ఎక్కుదామన్నాడు. అప్పుడే మబ్బు పట్టి వాన మొదలైంది. ఉరుముకి కరెంటు పోయింది. అత్తయ్య గూట్లోంచి కిరసనాయిలు దీపం తీసి వెలిగించి బల్ల మధ్య పెట్టింది. చిమ్నీ ఎప్పుడో పగిలింది, వట్టి వత్తి మంటే. మా ఆయన బండి షెడ్డు తలుపు వెయ్యడానికి వెళ్ళారు. మిగతావాళ్ళం భోజనానికి కూర్చున్నాం.

"పైగడిలో రకాలు కూడా పెరిగాయి మేడమ్" అన్నాడు ఆయన, అన్నం కలుపుకుంటూ. "ఇన్ని రకాలు ఎప్పుడూ లేవు అక్కడ. ఒక రకంగా మంచిదేగా?"

"ఇంటినిండా చుట్టాలు దిగి, ఇంటామె కనపడకపోతే మంచిదంటారా?" అంది అత్తయ్య.

ఆయన అది జోకనుకుని నవ్వాడు. చిన్నకోడలూ నవ్వింది. నేను గొంతు సవరించుకున్నాను. అత్తయ్య నా వంక చూసింది. అదే క్షణంలో మా ఆయన తడిసిపోయి తలుపు తోసుకుని వచ్చారు, గాలి గదంతా ఒక చుట్టు చుట్టింది, చీకటైపోయింది.

"దీపం కొండెక్కింది. ఎవరూ కదలకండి, గిన్నెలు తగుల్తాయి" అంది అత్తయ్య. "పెద్దమ్మాయ్, నీ వెనక గూట్లో అగ్గిపెట్టె ఉంది చూడు."

చీకట్లో చిన్నకోడలు కిలకిలా నవ్వింది. "దీపం కొండెక్కడమేంటి అత్తయ్యా?"

"ఆరిపోయింది అనదు మా అమ్మ" అన్నారు మా ఆయన, తల తుడుచుకుంటూ కాబోలు. "ఆరిపోయింది, చచ్చిపోయింది, అయిపోయింది, ఏ మాటా అనదు. కొండెక్కిందంటే పోయిందని అర్థం. నా ఉద్యోగం కొండెక్కిందని రోజూ అంటూంటే నువ్వేమనుకున్నావ్, ప్రమోషన్ అనుకున్నావా?"

ఆయనకి ఏమీ తెలీదు పాపం. చిన్నకోడలి నవ్వు మాత్రం ఆగిపోయింది.

"అత్తయ్యా" అంది చిన్నకోడలు. గొంతు మారిపోయింది. "మరి దిండు?"

అగ్గిపెట్టె నా చేతికి దొరికింది. పుల్ల కూడా తీశాను, గీయలేదు. వెలుగు పడితే ఆవిడ ముఖం అందరికీ కనపడుతుంది, కనపడితే మళ్ళీ దాచుకుంటుంది. పుల్లని వేళ్ళ మధ్య అలాగే పట్టుకున్నాను.

"ఆరిపోయిందమ్మా" అంది అత్తయ్య.

"ఏంటి మేడమ్?" అన్నాడు విత్తనాల సార్.

"పైగడిలో దిండు లేదు సార్. చచ్చిపోయింది. పైకీ జరగలేదు. ఉందేమోనని రాయి రాయీ తడిమాను. లేదు." ఒక్కో మాటా నేలమీద పెట్టినట్టు అంది. ఆవిడ నోట లేదు అన్న మాట నేను వినడం అదే మొదలు. "గింజలు కావాలంటే ఎదురుగట్టే. ఇప్పటికే ఆలస్యమైంది. నావల్లే."

"నా వల్ల అత్తయ్యా, నేనే తప్పు నొక్కాను" అని చిన్నకోడలు ఏడుపందుకుంది.

"నీదేం లేదే. నువ్వు రాసింది నాకు నచ్చింది. అంతే."

అప్పుడు పుల్ల గీశాను. దీపం వెలిగేసరికి అత్తయ్య కొంగుతో ముఖం తుడుచుకుని, సార్ కంచంలో ఇంకో గరిటె కూర వేస్తోంది. ఆయన వద్దనలేదు. బల్ల కింద చిన్నకోడలి చెయ్యి నా చేతికి తగిలితే పట్టుకున్నాను, నాకా పిల్ల మీద ఇంకేం కోపం మిగల్లేదు.

పొద్దున్నే మంచుబండి షెడ్డులోంచి బయటికొచ్చింది. వేసవిలో! మా ఆయన ముందు ఎక్కి కూర్చుని పెళ్ళికొడుకులా నవ్వారు. ఎదురుగట్టు దారిలో విరిగిపడ్డ రాళ్ళని ఆ రేకుతో లోయలోకి నెట్టుకుంటూ వెళ్ళారు, వేసిన రంగంతా గీసుకుపోయింది. రోడ్డు ఆఫీసువాళ్ళు ఆ పని చూసే తర్వాత ఆయన్ని చరియలు తొలగించే పనిలోకి తీసుకున్నారు. ఇప్పుడు మా బండి పని రాళ్ళతోనే. చలికాలాలు ఆయన కిందే ఉంటారు, నేను ఇక్కడా అక్కడా. అలా రెండిళ్ళవుతామని ఆ పొద్దున మాకు తెలీదు.

గట్టు మీదికి అందరం ఎక్కాం. చిన్నకోడలికి అదే మొదటిసారి కొండెక్కడం. బూట్లు జారుతుంటే నా భుజం వదల్లేదు, కంప్యూటర్ బదులు పెన్సిలూ అట్టా మెడలో వేలాడదీసుకుంది. ఉత్తరం నీడలో రాళ్ళ మధ్య చిన్నవీ పెద్దవీ దిండ్లు కనపడ్డాయి. ముందరివాటి కాయలన్నీ నోళ్ళు తెరిచేసి ఉన్నాయి, లోపల ఏమీ లేదు. విత్తనాల సార్ ఒక్కోటీ చూసి, తెరిచిన సంచీ మళ్ళీ మడుస్తూ నడిచాడు. అత్తయ్య తల ఎత్తలేదు. కుంటుకుంటూ అందరినీ దాటేసి, గట్టు అంచున బండ కిందికి వంగి, మోకాళ్ళ మీద పడింది.

"అమ్మాయ్" అని కేకేసింది. పక్కనే ఉన్నా ఆవిడ కేకే వేస్తుంది. "రాసుకో. దిండు."

"చెప్పండత్తయ్యా. ఏమని రాయను?"

"ఉంది."

"ఉంది అనే రాయనా?"

"ఉంది అనే రాయి. కాయలు కూడా ఉన్నాయి. మూసే ఉన్నాయి."

నేను సంచీ తీసుకుని పరిగెత్తాను. లోయలోంచి గాలి లేచింది. అత్తయ్య ఆ చిన్న దిండు చుట్టూ రెండు చేతులూ దీపానికి పెట్టినట్టు అడ్డం పెట్టి, వెనక్కి తిరక్కుండానే అరిచింది.

"గాలొస్తోంది. త్వరగా సంచీ తెరవండే!"